మూడు పేర్ల నాయిక పి.కె. రోజీ

సినిమా అంటే ఇష్టంలేని విద్యార్థి మన హాస్టళ్లలో కనిపించడు. ఆదివారం టీవీలో మంచి సినిమా ఉందంటే బట్టలు ఉతుక్కునే పని శనివారమే ముగించుకునేవాళ్లం. వార్షికోత్సవం దగ్గరపడితే ఏకపాత్రాభినయానికి, నాటికకు పేర్లు ఇచ్చేవాళ్లే ఎక్కువ. నటన అంటే మనకు అంత మక్కువ. కానీ వెండితెర వెలుగు వెనక ఎంత చీకటి ఉంటుందో మనం ఎక్కువగా ఆలోచించం. మహానటి సావిత్రి జీవితం అందరికీ తెలిసిందే. ఎంతో ఎత్తుకు ఎదిగిన ఆమె నెలల తరబడి స్పృహ లేకుండా మంచంలో ఉండి 1981లో కన్నుమూసింది. అది వెలుగు చూసిన తర్వాత వచ్చిన చీకటి. అసలు వెలుగే చూడనివ్వకుండా చీకట్లోకి తరిమేసిన ఒక నటి కథ ఈ సంచికలో మీతో పంచుకోవాలనుకుంటున్నాం. ఆమె మలయాళ సినిమాకు తొలి కథానాయిక. భారతీయ సినిమాలో నాయిక పాత్ర వేసిన తొలి దళిత స్త్రీ అని కూడా ఆమెనే చెబుతారు. ఆమె పేరు పి.కె. రోజీ.

నిజానికి అది ఆమె మూడు పేర్లలో ఒకటి మాత్రమే. పుట్టినప్పుడు రాజమ్మ. తెర మీద రోజీ. చనిపోయేనాటికి రాజమ్మాళ్. ఒక మనిషికి ఇన్ని పేర్లు ఎందుకు కావలసి వచ్చాయన్నదే ఆమె జీవిత చరిత్ర.

పుట్టిన నేల

రాజమ్మ 1903లో తిరువనంతపురంలోని నందన్‌కోడ్ ప్రాంతంలో పులయ కులంలో పుట్టింది. మనకు మాల, మాదిగ ఎలాగో కేరళలో పులయ, పరయ కులాలు అలాగ. ఇతరుల పొలాల్లో చాకిరీ చేసి బతికేవారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. రాజమ్మ గడ్డి కోసి అమ్మే పనికి వెళ్లేది.

ఆనాటి తిరువాన్కూరు సంస్థానంలో అంటరానితనం ఎంత కఠినంగా ఉండేదో ఈనాటి మనం ఊహించుకోవడం కష్టం. ముట్టుకుంటేనే కాదు, దగ్గరకు వస్తే కూడా మైలే. ఏ కులంవాడు ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలో లెక్క ఉండేది. పెద్ద రోడ్ల మీద నడవకూడదు. బడిలో కూర్చోకూడదు. పులయ స్త్రీలు మెడలో బంగారం వేసుకోకూడదు, రాళ్లపూసల దండలే వేసుకోవాలి. ఒళ్లు కప్పుకోవడానికి కూడా ఆంక్షలే.

అదే నేలమీద ఎదురు తిరిగినవాళ్లూ పుట్టారు. తిరువనంతపురం పక్కనే ఉన్న వెంగానూరులో పుట్టిన అయ్యంకాళి 1893లో తలపాగా చుట్టి, ఎడ్లబండి ఎక్కి, తన కులంవారికి నిషేధించిన రోడ్డు మీదనే బండి తోలించాడు. 1907లో సాధుజన పరిపాలన సంఘం పెట్టాడు. పంచమి అనే పులయ బాలికను ఊరూట్టంబలం బడిలో చేర్పించడానికి ఆయన తీసుకెళితే, పిల్లను చేర్చుకోవడం కన్నా బడి లేకపోవడమే మేలనుకున్న పెద్దలు ఆ బడికే నిప్పు పెట్టారు. 1915లో కొల్లంలో ఆయన సమక్షంలో వేలాది స్త్రీలు రాళ్లపూసల దండలు తెంచి కుప్పగా పోశారు. అప్పటికి రాజమ్మకు పన్నెండేళ్లు. ఆమె పెరిగిన గాలి అలాంటిది. ఒకవైపు అవమానం, మరోవైపు తెగింపు.

కాక్కారిశ్శి వేదిక

దక్షిణ కేరళలో కాక్కారిశ్శి నాటకం అనే జానపద కళ ఉంది. శివపార్వతులు కాక్కాలన్, కాక్కాత్తి అనే సంచార జాతి దంపతులుగా భూమ్మీదికి రావడం దాని కథ. తమిళం, మలయాళం కలిసిన మాటలు, పాట, ఆట, హాస్యం ఉంటాయి. మన చిందు భాగవతం చూసినవారికి దాని తీరు తేలిగ్గా అర్థమవుతుంది. ఊరిలో చివర కూర్చోవలసినవాళ్లే ఆ రాత్రికి దేవుళ్లు, రాజులు అవుతారు. తెల్లవారితే మళ్లీ ఎవరి గూడెంకు వాళ్లు.

ఆ నాటకంలో ఆడవేషాలు కూడా మగవాళ్లే వేసేవారు. బంధువుల్లో ఒక పెద్దాయన ప్రోత్సాహంతో రాజమ్మ అభినయం నేర్చుకుంది. గడ్డి మోపు దించి నాటకం సాధనకు పోయేది. ఆడపిల్ల వేషం కట్టడమేమిటని ఇంట్లోనూ, బయటా అభ్యంతరాలు వచ్చాయి. ఆడవాళ్లు వేదిక ఎక్కడమంటే చెడిపోవడమేనని అనుకునే రోజులవి. అయినా ఆమె మానలేదు. ఇరవై అయిదేళ్లు వచ్చేసరికి మంచి నటి అనిపించుకుంది.

ఆ రోజుల్లో సినిమాల్లోనూ ఆడవాళ్లు దొరకడం గగనమే. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో రాజా హరిశ్చంద్ర తీసినప్పుడు తారామతి పాత్రకు ఆడవాళ్లెవరూ రాక, ఒక హోటల్లో పనిచేసే సాలుంకే అనే యువకునితో ఆ వేషం వేయించాడు. మన తెలుగు నాటకరంగంలో స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చింతామణిగా పేరు పొంది 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మగవాడు ఆడవేషం వేస్తే జనం మెచ్చుకున్నారు. మనిషి దేవుడి వేషం వేస్తే హారతులిచ్చారు. నటన అంటేనే తాను కానిది కావడం కదా. మరి ఒక పులయ స్త్రీ నాయర్ స్త్రీగా నటిస్తే ఏమవుతుంది? రాజమ్మ జీవితంలో ఎదురైన ప్రశ్న ఇదే.

డేనియల్ సినిమా

జె.సి. డేనియల్ నాడార్ క్రైస్తవ కుటుంబంలో 1900లో పుట్టాడు. వృత్తికి దంతవైద్యుడు. కలరిపయట్టు అనే కేరళ యుద్ధవిద్య అంటే ప్రాణం. ఆ విద్యను లోకానికి చూపించాలన్న ఆలోచన ఆయన్ను సినిమాల వైపు నడిపింది. తన భూములు అమ్మి, తిరువనంతపురంలో ట్రావెన్‌కోర్ నేషనల్ పిక్చర్స్ అనే సంస్థను ఏర్పాటు చేశాడు. విగతకుమారన్ అనే మూకీ చిత్రానికి కథ రాసుకున్నాడు. దర్శకుడు, నిర్మాత, కథానాయకుడు అన్నీ తనే. దేశమంతా పురాణ కథలు తీస్తున్న కాలంలో ఆయన ఒక సాంఘిక కథ తీసుకున్నాడు. సంపన్న కుటుంబంలోని పిల్లవాణ్ని ఒక దుర్మార్గుడు సింహళానికి ఎత్తుకుపోవడం, పెద్దయ్యాక వాడు తిరిగి తనవాళ్లను చేరడం అందులోని కథ.

నాయిక కోసం బొంబాయి నుంచి ఒక నటిని తీసుకురావాలని ప్రయత్నించాడు. కుదరలేదు. స్థానికంగా వెతుకుతుంటే కాక్కారిశ్శి నాటకంలో నటిస్తున్న రాజమ్మ సంగతి తెలిసింది. సరోజిని అనే నాయర్ యువతి పాత్ర ఆమెకు ఇచ్చాడు. రోజీ అనే పేరు తెర కోసం డేనియలే పెట్టాడని కొందరు, ఆమె కుటుంబం క్రైస్తవంలో చేరినప్పుడు వచ్చిన పేరని మరికొందరు అంటారు. ఎలాగైనా ఆమె ఆ పేరుతోనే చరిత్రలోకి వచ్చింది.

రోజీ ఇంటినుంచే అన్నం మూట కట్టుకుని షూటింగుకు వచ్చేదని, సాయంత్రం మళ్లీ తన కూలిపనికి వెళ్లేదని చెప్పుకుంటారు. ఒకసారి ఆలోచించండి. పగలు కెమెరా ముందు నగలు పెట్టుకుని పెద్దింటి అమ్మాయిగా నిలబడటం, పొద్దువాలాక అవన్నీ తీసేసి పాత బట్టల్లో ఇంటిదారి పట్టడం. ఆ రెండింటి మధ్య ఉన్న కొద్ది దూరంలో ఆమె ఏమనుకుని ఉంటుంది? తాను నటించిన బొమ్మ తాను చూసుకోవాలని మాత్రం తప్పకుండా అనుకుని ఉంటుంది.

తొలి ఆట

విగతకుమారన్ తిరువనంతపురంలోని క్యాపిటల్ థియేటర్లో విడుదలైంది. అది 1928లో అని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత దొరికిన ఆధారాలను బట్టి 1930 అక్టోబరు 23 అని పరిశోధకులు అంటున్నారు. ప్రారంభోత్సవానికి ఊరి ప్రముఖులను పిలిచారు. రోజీ హాజరయితే తాము రాబోమని వారిలో కొందరు షరతు పెట్టారు. ప్రసిద్ధ న్యాయవాది మళ్లూర్ గోవింద పిళ్లై కూడా అలాగే అన్నారని చెబుతారు. డేనియల్‌కు గత్యంతరం లేకపోయింది. నాయిక లేకుండానే నాయిక సినిమా మొదలైంది. ఆశ చంపుకోలేక ఆమె హాలు దాకా వచ్చిందని, లోపలికి రానివ్వలేదని కూడా చెప్పుకుంటారు.

తెర మీద రోజీ కనిపించగానే హాల్లో అరుపులు మొదలయ్యాయి. నాయకుడు ఆమె జడలోని పువ్వును ముద్దుపెట్టుకునే దృశ్యం వచ్చేసరికి తెర మీద రాళ్లు పడ్డాయి. అది మూకీ సినిమా అని గుర్తుంచుకోవాలి. అందులో రోజీ ఒక్క మాట మాట్లాడలేదు. యాస బాగాలేదని అనడానికి లేదు. నటన బాగాలేదని ఎవరూ అనలేదు. ఒక పులయ స్త్రీ నాయర్ స్త్రీల కట్టు కట్టుకుని, వాళ్ల నగలు పెట్టుకుని, అచ్చం వాళ్లలాగే కనిపించింది. అదే నేరం. బట్టలు మార్చగానే తేడా తెలియకుండా పోయిందంటే, ఆ తేడా పుట్టుకలో లేదనే కదా అర్థం. హాల్లో కూర్చున్నవాళ్లకు కోపం తెప్పించింది ఆ నిజమేనని మాకు అనిపిస్తుంది. ఆమె చెడ్డగా నటించి ఉంటే నవ్వి ఊరుకునేవాళ్లేమో.

కోపం హాలుతో ఆగలేదు. రోజీ ఇంటిమీద దాడి జరిగింది. ఇంటికి నిప్పు పెట్టారు. పంచమి చేరిన బడిని కాల్చినట్టే రోజీ ఉన్న గుడిసెనూ కాల్చారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ మహాద్‌లో చెరువు నీళ్ల కోసం పోరాడింది 1927లో. నీళ్లు తాగితే మైల, చదువుకుంటే మైల, తెర మీద కనిపిస్తే కూడా మైల. ఆ కాలం అలాంటిది.

ప్రాణాలు దక్కించుకోవడానికి రోజీ ఆ ఊరు విడిచిపెట్టింది. దక్షిణంగా తమిళ ప్రాంతం వైపు పోతున్న ఒక లారీ ఎక్కి తప్పించుకుందని అంటారు. ఆ లారీ నడిపిన కేశవ పిళ్లైనే తర్వాత పెళ్లి చేసుకుంది.

నాగర్‌కోయిల్ రాజమ్మాళ్

రోజీ నాగర్‌కోయిల్లో స్థిరపడింది. అప్పటికి ఆ ఊరు కూడా తిరువాన్కూరు సంస్థానంలోనే ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తిరువనంతపురానికి డెబ్భై కిలోమీటర్లు కూడా ఉండదు. మన పల్లెల నుంచి జిల్లా కేంద్రానికి పోయి వచ్చేంత దూరం. కానీ ఆమె ఆ దూరాన్ని మళ్లీ నటిగా దాటలేదు.

కేశవ పిళ్లై నాయర్ కులస్థుడు. ఆయన కుటుంబం ఈ పెళ్లిని ఒప్పుకోలేదు. భార్యాభర్తలు వేరే బతికారు. ఆమె రాజమ్మాళ్ అయింది. పిల్లలు తండ్రి కులంతోనే పెరిగారు. తల్లి ఒకప్పుడు సినిమా నాయిక అన్న సంగతి ఆ ఇంట్లో పెద్దగా చెప్పుకునే విషయం కాలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. సినిమాలో రోజీ నాయర్ స్త్రీగా కొద్ది రోజులు నటించింది. దానికి ఇల్లు కాల్చారు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా నాయర్ ఇంటి ఇల్లాలిగా జీవించింది. ఎవరూ రాయి వేయలేదు. ఎందుకంటే ఈసారి అది నటన అని ఎవరికీ తెలియదు. మొదటి పాత్రలో ఆమె ముఖం అందరికీ కనిపించింది. రెండో పాత్రలో ముఖం దాచుకుంది. మొదటిది కళ. రెండోది ప్రాణరక్షణ. మంచి నటి తన ప్రతిభను దాచుకోవడానికే ఆ ప్రతిభనంతా వాడవలసి రావడం కన్నా విషాదం ఏముంటుంది?

డేనియల్ కూడా బాగుపడలేదు. సినిమా ఆలప్పుళ వంటి ఊళ్లలో ఆడినా పెట్టిన డబ్బు రాలేదు. సామగ్రి అమ్ముకుని, సంస్థ మూసేసి, మళ్లీ దంతవైద్యానికి వెళ్లిపోయాడు. చివరి రోజుల్లో పేదరికంలో ఉండి పింఛను కోరితే, తమిళనాడులో ఉంటున్నాడన్న కారణంతో కేరళ ప్రభుత్వం మొదట నిరాకరించింది. 1975లో అగస్తీశ్వరంలో మరణించాడు. సినిమా రీళ్లు కూడా మిగల్లేదు. ఆయన చిన్న కొడుకు పసితనంలో తెలియక వాటికి నిప్పంటించి, మంట రంగు చూసి ఆనందించాడట. అలా రోజీ నటన కనిపించే ఒక్క దృశ్యం కూడా ఈనాడు లోకంలో లేదు. ఆమెదని పత్రికల్లో వచ్చే ఫొటో విషయంలో కూడా అది నిజంగా ఆమెదేనా అన్న సందేహాలున్నాయి.

చనిపోయాక వచ్చిన పేరు

చేలంగాట్ గోపాలకృష్ణన్ అనే పాత్రికేయుడు డేనియల్‌ను వెతికి పట్టుకుని, మలయాళ సినిమాకు ఆయనే ఆద్యుడని ఏళ్ల తరబడి వాదించాడు. రోజీ గురించి శ్రద్ధగా వెతికి రాసినవాడు దళిత రచయిత కున్నుకుళి ఎస్. మణి. ఈ రాతలు వస్తున్న 1970ల నాటికి రోజీ బతికే ఉంది. నాగర్‌కోయిల్లో రాజమ్మాళ్‌గా ఉంది. 1988లో అదే పేరుతో కన్నుమూసింది.

1992లో కేరళ ప్రభుత్వం జె.సి. డేనియల్ పేరుతో అవార్డు నెలకొల్పింది. మలయాళ సినిమాలో జీవితకాల సేవకు ఇచ్చే అత్యున్నత పురస్కారం ఇప్పుడదే. రోజీ పేరు వినిపించడానికి ఇంకా చాలా కాలం పట్టింది. వినూ అబ్రహాం ఆమె మీద నష్టనాయిక అనే నవల రాశాడు. దాని ఆధారంగా దర్శకుడు కమల్ 2013లో సెల్యులాయిడ్ సినిమా తీశాడు. అందులో ఆమెను మరీ భయస్థురాలిగా, అమాయకురాలిగా చూపించారని దళిత రచయితలు విమర్శించారు. ఆ విమర్శ మాకూ సబబనిపిస్తుంది. ఆడవాళ్లకు చోటులేని నాటకంలో వేషం కట్టిన మనిషి భయస్థురాలు ఎలా అవుతుంది? 2019లో మలయాళ సినిమా రంగంలోని మహిళల సంఘం ఆమె పేరుతో ఫిల్మ్ సొసైటీ ప్రారంభించింది. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ తన మొదటి పేజీలో ఆమె బొమ్మ వేసింది. బతికినన్నాళ్లూ ఎవరి కంటా పడకుండా ఉండాలనుకున్న మనిషి, పోయిన ముప్పై అయిదేళ్లకు కోట్లమందికి ఒకేరోజు కనిపించింది.

మనం నేర్చుకోవలసింది

ఇదంతా ఎక్కడో కేరళ కథ అనుకోవద్దు. మన జాషువా గారి పద్యం విని చప్పట్లు కొట్టిన సభలే కులం తెలియగానే ముఖం తిప్పుకున్నాయి. మన తెలుగులో 1938లో మాలపిల్ల సినిమా వచ్చింది. అంటరానితనం తప్పని చెప్పిన ఆ సినిమాను జనం బాగా ఆదరించారు. సంతోషించవలసిందే. మాలపిల్ల గురించిన కథను చప్పట్లతో చూడటం వేరు, తిరువనంతపురంలో లాగా అలాంటి పిల్లే తెర మీద రాణిలా నిలబడితే సహించడం వేరు.

మేము పీజీ చదువుకు నగరానికి వచ్చిన కొత్తలో అద్దెగది కోసం తిరిగాం. చాలా ఇళ్ల దగ్గర మొదటి ప్రశ్న ఊరు, రెండో ప్రశ్న ఇంటిపేరు, మూడోది తిండి. అద్దె సంగతి ఆ తర్వాతే. మాతో చదివేవాళ్లలో కొందరు ఇంటిపేరు చెప్పకుండా దాటేయడం, తాము పెరిగింది సాంఘిక సంక్షేమ హాస్టల్లో అన్న మాట రాకుండా చూసుకోవడం మాకు తెలుసు. వాళ్లను మేము తప్పుపట్టం. రోజీ కథ చదివాక అసలు తప్పుపట్టలేం. పేరు దాచుకునేవాడిది నేరం కాదు. దాచుకుంటేగాని బతకనివ్వని లోకానిది నేరం. అయితే తొంభై ఏళ్ల కిందటి రోజీకి లేనివి మనకు కొన్ని ఉన్నాయి. రాజ్యాంగం ఉంది. చట్టం ఉంది. ఒకే గదిలో పడుకుని, ఒకే పళ్లేల వరుసలో నిలబడి పెరిగిన మనవాళ్లు వందలమంది ఉన్నారు. ఆమె ఒంటరిగా లారీ ఎక్కింది. మనం ఒంటరివాళ్లం కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒక్క విన్నపంతో ముగిస్తాం. సినిమా విడుదలైన తర్వాత రోజీ దాదాపు ఆరు దశాబ్దాలు జీవించింది. అన్నేళ్లలో ఆమె కథను ఆమె నోటితోనే చెప్పించి భద్రపరిచి ఉంటే, ఈనాడు మనం అన్నిచోట్లా అంటారు, చెబుతారు అని రాసుకోవలసిన అవసరం ఉండేది కాదు. మన ఊళ్లలో కూడా చిందు కట్టినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు, బుర్రకథ చెప్పినవాళ్లు, నాట్లు వేస్తూ వందల పాటలు పాడిన మన నాయనమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. చాలామంది పేర్లు ఎక్కడా రాసి లేవు. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లలో ఒక్కరి దగ్గరైనా కూర్చోండి. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మొదట ఏ వేషం కట్టారు, ఎక్కడ అవమానపడ్డారు, ఎక్కడ మెప్పు పొందారు అడిగి నోటుబుక్కులో రాయండి. ఇంట్లో ఎవరి దగ్గరైనా ఫోను ఉంటే గొంతు రికార్డు చేయండి, ఒక ఫొటో తీయండి. ఫొటో వెనక పేరు రాయడం మరిచిపోకండి. వచ్చే ఏడాది ఈ సంచికలో వాళ్ల గురించి మీరు రాయాలి, మేము చదవాలి.